ఊళ్లో నా ఫ్లెక్సీ కట్టారు, నేనేమో వెనక్కి వచ్చేద్దామనుకుంటున్నా

నాకొచ్చిన ఈ ఉత్తరం నోటుబుక్కులోంచి చింపిన కాగితాలు, రెండు వైపులా రాసినవి, మొత్తం ఏడు పేజీలు. రాసింది పద్దెనిమిదేళ్ల అమ్మాయి. ఆమదాలవలస దగ్గర పల్లె. పది దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత ప్రభుత్వ జూనియర్ కాలేజీలో సీఈసీ. అక్కడి లెక్చరర్ ఒకాయన పట్టుబట్టి కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీకి దరఖాస్తు పెట్టించారు. పరీక్ష తెలుగులోనే రాసింది. హైదరాబాద్‌లో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్‌లో సీటొచ్చింది. ఊరి సెంటర్లో ఆమె ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. వాళ్ల నాన్న కౌలు రైతు. ఫీజుకీ హాస్టల్‌కీ కలిపి ఎనభై వేలు వడ్డీకి తెచ్చారు.

క్లాసులు మొదలై మూడు వారాలు. పాఠాలన్నీ ఇంగ్లీషులో, అదీ పరుగులో. రాసుకుందామంటే ఒక మాట అందుకునేలోపు నాలుగు మాటలు వెళ్లిపోతున్నాయి. గ్రూప్ అసైన్‌మెంట్‌కి ఎవరికి వాళ్లు జట్లు కట్టుకున్నారు, చివరికి మేడమ్ ఈమెని ఒక జట్టులో వేశారు. మెస్‌లో ఒకరోజు రూమ్‌మేట్‌ని వెతుక్కుంటూ తెలుగమ్మాయిలు కూర్చున్న బల్ల దగ్గరికి వెళ్లి "మా రూములో గుంట ఇటొచ్చిందేటి?" అని అడిగింది. "రూములో గుంటేంటి, ఇంకా పూడ్చలేదా?" అని ఒకమ్మాయి అంది. బల్లంతా నవ్వింది. ఆ రోజు నుంచి క్లాసు వాట్సాప్ గ్రూపులో ఆమె పేరు "గుంట".

రోజుకి ఆరేడుసార్లు అమ్మకి ఫోన్ చేస్తుంది. "అంతా బాగుంది" అని చెప్పి, పెట్టేశాక బాత్రూములో కుళాయి తిప్పి ఏడుస్తుంది. మెస్‌కి వెళ్లడం తగ్గించేసి రాత్రిపూట బిస్కెట్లతో సరిపెట్టుకుంటోంది. "వచ్చేసి శ్రీకాకుళంలో డిగ్రీలో చేరిపోదామని ఉంది. కానీ ఊళ్లోకి ఏ మొహం పెట్టుకుని రాను? వస్తే మావయ్య వాళ్లు సంబంధం మాట ఎత్తుతారేమో అని కూడా ఉంది. వచ్చేయనా, ఉండనా, మీరే చెప్పండి" అని ముగించింది.

* * *

అమ్మాయీ,

ఈ శీర్షికలో అందరినీ మీరు అనే రాస్తాను. నీ ఉత్తరం చదివాక నీ దగ్గర ఆ మాట రావట్లేదు. నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

వచ్చేయనా, ఉండనా అని ఒక్క మాటలో అడిగావు. ఏడు పేజీల్లో ఉన్నది మాత్రం ఒక్క బాధ కాదు. పాఠం అర్థం కాకపోవడం ఒకటి. నీ మాటని చూసి నవ్వడం ఇంకొకటి. ఇంటి మీద బెంగ మూడోది. ఇంటికి అబద్ధం చెబుతున్నానన్న బరువు నాలుగోది. మీకు పొందూరు ఎంత దూరం? నూలు చిక్కుపడితే అక్కడి ఆడవాళ్లు లాగెయ్యరు, ఓపిగ్గా కొస వెతుకుతారు. నీ ఉత్తరంలో ఆ కొస నాకు ఐదో పేజీలో దొరికింది.

"డిమినిషింగ్ మార్జినల్ యుటిలిటీ అని మేడమ్ గంటసేపు చెప్పారు. ఏమీ తెలీక బొమ్మలా కూర్చున్నాను. రాత్రి పుస్తకంలో గీత చూస్తే తెలిసింది, అది మేం ఇంటర్లో చదువుకున్న క్షీణోపాంత ప్రయోజన సూత్రమేనని. నాకు ఇంకా ఏడుపొచ్చింది." నువ్వు ఏడ్చిన ఆ చోటే నేను నవ్వాను, తప్పుగా అనుకోకు. నలభై ఏళ్ల కిందట నేనూ ఇలాగే ఒక హాస్టల్లో చేరాను. మొదటి నెలంతా లైబ్రరీలో దాక్కున్నాను, అక్కడైతే మాట్లాడకపోయినా ఎవరూ అడగరు కదా అని. అర్థం కాని క్లాసులో కూర్చున్నప్పుడు "నాకు రాదు" అన్న ఒక్క మాటే చెవిలో మోగుతుంది. రానిది పాఠమా, ఆ పాఠం పేరా అని విడదీసుకునే తీరిక ఉండదు. నువ్వు విడదీశావు, రాత్రి పదకొండింటికి, గీత చూసి. నీకు ఆ సూత్రం వచ్చు. దానికి ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేరు రాదు, అంతే. మొదటిది నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టింది. రెండోదానికి ఒక రాత్రి సరిపోయింది.

కాబట్టి ఈ పని చేసి చూడు. ఇంటర్ ఎకనామిక్స్ పుస్తకాలు ఇంటి దగ్గర ఉండే ఉంటాయి, పార్సిల్ చేయించుకో. 1968లో తెలుగు అకాడమీ పెట్టింది ఇందుకే, కాలేజీ చదువు తెలుగులో అందాలని. ఆ పుస్తకాల్లోని మాటలు క్యాంపస్‌లో పనికిరావని నీకు ఎవరైనా అంటే నమ్మకు. ఒక నోటుబుక్కుకి నిలువుగా గీత కొట్టు. ఎడమ పక్క ఉపాంత ప్రయోజనం, కుడి పక్క మార్జినల్ యుటిలిటీ. ఎడమ పక్క డిమాండ్ వ్యాకోచత్వం, కుడి పక్క ఎలాస్టిసిటీ. రేపు చెప్పబోయే పాఠంలోని మాటలు ఈ రాత్రే పది రాసుకుని క్లాసుకి వెళ్లు. అందకుండా పోయే నాలుగు మాటల్లో రెండు తెలిసినవే ఉంటాయి. మిగతా రెండూ మేడమ్‌ని అడగాలి. క్లాసులో చెయ్యెత్తడం ఇప్పుడప్పుడే నీ వల్ల కాదు, ఎత్తమని నేనూ అనను. క్లాసయ్యాక తలుపు దగ్గరో, ఆవిడ గదిలోనో అడుగు. "తెలుగు మీడియం నుంచి వచ్చాను మేడమ్, ఏ పుస్తకం ముందు చదవమంటారు?" అన్న ఒక్క వాక్యం ఇంగ్లీషులో రాసి బట్టీ పెట్టుకున్నా తప్పులేదు. గ్రూప్ అసైన్‌మెంట్‌లో నిన్ను ఎవరూ తీసుకోలేదని చూసి తనే ఒక జట్టులో వేసిందంటే ఆవిడ కంట్లో నువ్వు పడ్డావనే. చాలా చోట్ల మొదటి సెమిస్టర్ వాళ్లకి విడిగా ఇంగ్లీషు తరగతులు, బ్రిడ్జ్ కోర్సుల్లాంటివి నడుపుతారు. నోటీసు బోర్డు మీద పెట్టి ఊరుకుంటారు, నీకై నువ్వు వెళ్లి అడిగితేనే తెలుస్తుంది. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల ఎకనామిక్స్ పుస్తకాలు నెట్‌లో ఊరికే దొరుకుతాయి. మీ క్లాసులో సీబీఎస్ఈ నుంచి వచ్చినవాళ్లు తలాడించేది ఆ పుస్తకాలు చదివి వచ్చారు కాబట్టి. అందులో వాళ్ల తెలివి ఎంత అన్నది ఇంకా ఎవరికీ తెలీదు.

ఇలా చేస్తే రెండు వారాల్లో ఇంగ్లీషు వచ్చేస్తుందని చెప్పను. దసరా దాకా కష్టంగానే ఉంటుంది. మొదటి ఇంటర్నల్‌లో మార్కులు తక్కువే రావచ్చు. ఇంటర్లో తొంభైలు తెచ్చుకున్న పిల్లకి నలభై చూస్తే గుండె జారుతుంది, ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాను.

ఇక గుంట సంగతి.

నేను ఇరవై ఏళ్లకి పైగా పాఠాలు చెప్పాను. కృష్ణా, గుంటూరు పిల్లలు సిక్కోలు పిల్లల్ని, హైదరాబాద్ పిల్లలు వీళ్లందరినీ ఏడిపించడం చూస్తూనే ఉన్నాను. మీ వైపు గుంటంటే ఆడపిల్ల, గుంటడంటే మగపిల్లాడు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి గుంటంటే రోడ్డు మీద గొయ్యి. నీకు తెలిసిన మాట వాళ్లకి తెలీదు, తక్కువయింది వాళ్లకి. ఆగస్టు 29న మీ క్యాంపస్‌లో కూడా తెలుగు భాషా దినోత్సవం చేస్తారు, దండలు వేస్తారు, ప్రసంగాలు చెబుతారు. అది గిడుగు రామమూర్తి పుట్టినరోజు. ఆయన 1863లో పుట్టింది మీ శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. జనం నోట్లో ఉన్న మాట పుస్తకంలోకి రావాలని ఒక జీవితకాలం పోట్లాడినాయన. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పించాడు. ఆయన పేరున సభ పెట్టుకుంటూ, ఆయన పుట్టిన వైపు పిల్ల నోరు తెరిస్తే నవ్వడం. ఈ సంగతి ఆ బల్ల దగ్గర చెప్పమని కాదులే. నీకు తెలిసి ఉంటే చాలు.

నవ్వినవాళ్లంతా ఒక రకం కాదు. ఆ పూట నవ్వేసి మర్చిపోయినవాళ్లు ఉంటారు, వాట్సాప్‌లో పేరు పెట్టి రోజూ సాగదీసేవాళ్లు వేరు. మొదటిరకంతో ఒక్కసారి నువ్వే నవ్వి, "మా ఊళ్లో గుంటంటే అమ్మాయి. మీరూ గుంటలే" అంటే చాలామటుకు అక్కడితో పోతుంది. అలా అనబుద్ధి కాకపోతే అనక్కర్లేదు. నీ అవమానాన్ని నువ్వే జోకుగా మార్చాలన్న రూలేమీ లేదు. రెండోరకం వాళ్లలో ఒకమ్మాయిని విడిగా పట్టుకుని, "ఆ పేరు నాకు నచ్చలేదు, మానెయ్" అని తెలుగులోనే చెప్పు. గుంపులో చెబితే గుంపు నవ్వుతుంది, ఒక్కదాన్ని అడిగితే చాలామంది తలొంచుకుంటారు. అప్పటికీ ఆగకపోతే అది సరదా దాటినట్టే. విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2009లో ర్యాగింగ్ మీద నిబంధనలు తెచ్చింది. 2016లో వాటికి సవరణ చేసి ప్రాంతం, భాష, పుట్టిన చోటు, ఆర్థిక స్థితి పట్టుకుని ఏడిపించడం, వెలివేయడం కూడా ర్యాగింగ్ కిందికే తెచ్చింది. ర్యాగింగ్ ఫిర్యాదుల నంబరు 1800-180-5522 కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. నువ్వు చేరేటప్పుడు ర్యాగింగ్ చేయనని హామీపత్రం ఇచ్చే ఉంటావు, వాళ్లూ ఇచ్చారు. ఫిర్యాదు పెడితే క్లాసులో కొన్నాళ్లు గాలి బిగుసుకుంటుంది, అదీ తెలుసుకునే పెట్టాలి. ముందు వార్డెన్‌తో నోటిమాటగా చెప్పి చూడడం నాకు మేలనిపిస్తుంది. గ్రూపులో ఆ పేరు కనిపించిన స్క్రీన్‌షాట్లు మాత్రం తీసి ఉంచుకో.

ఇంటి బెంగకి మందు లేదు. ఫోన్లు తగ్గించు అని అందరూ చెబుతారు. నేను కొంచెం వేరేగా చెబుతాను. ఇప్పుడు నువ్వు ఏడుపొచ్చినప్పుడల్లా చేస్తున్నావు, "ఏటే, తిన్నావా?" అని అమ్మ అడగగానే తిన్నానంటున్నావు. తినలేదని ఆవిడకి తెలుసు. తెలిసీ ఊరుకుంటోంది. రెండువైపులా ఒకటే నాటకం. రాత్రి ఎనిమిదిన్నరకి అని ఒక వేళ పెట్టుకో, ఆ ఒక్క ఫోన్‌లో నిజం చెప్పు. మెస్‌లో భోంచేసి వచ్చాకే ఫోన్ అని నీకు నువ్వే పెట్టుకుంటే ఇంకా మంచిది. అమ్మ అడిగే మొదటి ప్రశ్నకే నిజమైన జవాబు ఉంటుంది.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది నాన్నగారి సంగతి. ఆయనకి ఏమీ చెప్పలేదు, ఎనభై వేలు గుర్తొచ్చి నోరు రాదన్నావు. చెప్పకపోతే ఏమవుతుందో చూడు. ఉంటే డిసెంబరు దాకా ఒక్కదానివే మోస్తావు. వచ్చేస్తే ఒకరోజు పొద్దున్నే బ్యాగుతో గుమ్మంలో కనిపిస్తావు, ఆయనకి ఆ ఎనభై వేలకన్నా ఆ పొద్దుటి దెబ్బే గట్టిగా తగులుతుంది. రెండింటికన్నా ఇప్పుడే, ఆదివారం పూట పొలం నుంచి వచ్చి తీరిగ్గా కూర్చున్నప్పుడు, "నాన్నా, చదువు కష్టంగా ఉంది. మానేస్తానని కాదు, కష్టంగా ఉందని నీకు తెలియాలని చెబుతున్నా" అను. ఆయన ఏమంటాడో నాకు తెలీదు. కోప్పడవచ్చు, "వచ్చెయ్ తల్లీ" అనవచ్చు, ఏమీ అనకుండా అమ్మ చేతికి ఫోన్ ఇచ్చెయ్యవచ్చు. ఏదన్నా సరే, ఆ తర్వాత నీ నిర్ణయంలో ఆయనా ఉంటాడు.

ఫ్లెక్సీ గురించి ఒక్క మాట. ఈ వానలకి అది ఈపాటికి సగం వెలిసి ఉంటుంది. వినాయక చవితి వస్తే దాని మీద ఇంకోటి కడతారు. దాని కోసం ఐదేళ్ల నిర్ణయం తీసుకోకు, ఉండడానికైనా రావడానికైనా.

ఇక నువ్వు అడిగిన ప్రశ్న. ఇప్పుడే వచ్చేస్తే ఏమేం జరుగుతాయో ముందు చెబుతాను, ఎందుకంటే దానికి తేదీలు ఉన్నాయి. ఫీజు వెనక్కి ఇవ్వడం గురించి యూజీసీ 2018లో ఒక లెక్క పెట్టింది. అడ్మిషన్ల చివరి తేదీకి పదిహేను రోజులు ముందే మానేస్తే కొద్దిగా పట్టుకుని మిగతాది ఇస్తారు. ఆ పదిహేను రోజుల్లో అయితే 90 శాతం. చివరి తేదీ దాటాక పదిహేను రోజుల్లోపు 80 శాతం, నెలలోపు సగం, నెల దాటితే ఏమీ రాదు. కొన్నేళ్లుగా యూజీసీ ఏ ఏడాదికి ఆ ఏడాది ఇంకాస్త వెసులుబాటు కూడా ఇస్తోంది. మీ విశ్వవిద్యాలయం ప్రకటించిన చివరి తేదీ ఏదో, ఈ ఏడు లెక్క ఏమిటో అడ్మిషన్ల సెక్షన్‌కి వెళ్లి అడుగు. అడిగితే మానేసినట్టు కాదు. సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవడానికి వీల్లేదని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. అలాగే శ్రీకాకుళంలో నీకు కావలసిన డిగ్రీ కాలేజీలో కౌన్సెలింగ్ విడతలు ఇంకా మిగిలున్నాయో లేదో మీ లెక్చరర్‌గారికి ఫోన్ చేసి కనుక్కో. ఉంటే ఏడాది పోదు. లేకపోతే ఏడాది ఇంట్లో ఉండాలి. సీయూఈటీ స్కోరు ఆ ఒక్క ఏడాదికే పనికొస్తుంది కాబట్టి ఈ సీటు మళ్లీ కావాలంటే పరీక్ష మళ్లీ రాయాలి.

శ్రీకాకుళంలో డిగ్రీ చదవడం తక్కువ పనేమీ కాదు. అక్కడ చదివి పీజీకి ఇదే క్యాంపస్‌కి వచ్చి, మూడేళ్లు పెద్దయ్యాక నిలదొక్కుకున్న పిల్లలు నాకు తెలుసు. నన్ను భయపెడుతున్నది నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన మావయ్య సంగతి. కాలేజీలో సీటు ఖాయం చేసుకుని వచ్చిన పిల్ల వేరు, ఏ సీటూ లేకుండా ఇంట్లో కూర్చున్న పిల్ల వేరు. రెండోదానికి "ఖాళీగానే ఉంది కదా" అన్న మాట వస్తుంది, ఆ మాట వెనకే ఫొటోలు వస్తాయి. అందుకని, వచ్చేయాలనే అనుకుంటే, అక్కడ చేరే దారి చూసుకున్నాకే ఇక్కడి సీటు వదులు.

డిసెంబరులో సెమిస్టర్ అయ్యేదాకా ఉండి అప్పుడు తేల్చుకుంటానంటే ఫీజు వెనక్కి రాదు, ఈ ఏడాదికి ఇంకోచోట చేరే వీలూ దాదాపు ఉండదు. అది దాని ఖరీదు. బదులుగా నీకు దొరికేది, మూడు వారాల భయం మీద కాకుండా నాలుగు నెలల అనుభవం మీద తేల్చుకునే వీలు. ఐదేళ్లు అన్న మాట చూసి గుండెలు బాదుకోకు. చాలా ఇంటిగ్రేటెడ్ కోర్సుల్లో మూడేళ్లకి డిగ్రీ పట్టుకుని బయటికి రావచ్చు, మీదాంట్లో ఉందో లేదో ప్రాస్పెక్టస్‌లో చూడు. ఉంటానంటే మాత్రం బిస్కెట్లతో, బాత్రూము ఏడుపుతో ఉండడం ఉండడం కాదు. క్లాసులకి వెళ్లాలి, హాజరు 75 శాతం తగ్గితే పరీక్షకే కూర్చోనివ్వరు.

నన్ను బలవంతం చేసి అడిగితే, ఆ క్షీణోపాంత ప్రయోజనం చూసి, ఉండి చూడమనే అంటాను. కానీ రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, ముద్ద దిగకపోవడం ఇలాగే ఇంకో రెండు వారాలు సాగినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఈ లెక్కలన్నీ పక్కన పెట్టెయ్. అప్పుడు నిర్ణయం కన్నా ముందు మనిషి కావాలి. 14416 కి ఫోన్ చెయ్, అది టెలీమానస్, మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ లైను, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. హాస్టల్లో వార్డెన్ తలుపు తట్టు, ఏ వేళైనా సరే. అలాంటప్పుడు ఇంటికి వెళ్లిపోవడం ఓడిపోవడమని ఎవరన్నా అంటే నా పేరు చెప్పు.

చివరగా, నువ్వు వెతుక్కుంటూ మెస్‌కి వెళ్లిన ఆ రూమ్‌మేట్. ఒడిశా పిల్ల, బరంపురం దగ్గర ఊరు, తనూ పెద్దగా మాట్లాడదు, తలుపు వైపు మంచం మీద అటు తిరిగి పడుకుంటుంది అని రాశావు. ఆ పిల్లకి తెలుగు రాదు, హిందీ అంతంతమాత్రం, ఇంగ్లీషు నీలాగే. అటు తిరిగి పడుకుని ఏం చేస్తోందో నీకు తెలియకపోవచ్చు, నేను ఊహించగలను. చద్దన్నం వాళ్లింట్లోనూ తింటారు, పఖాళ అంటారు. ఇంకో సంగతి, సికింద్రాబాద్‌లో తను ఎక్కే విశాఖ ఎక్స్‌ప్రెస్సో కోణార్కో మీ ఆమదాలవలసలో ఆగాకే బరంపురం వెళ్తుంది. రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు, దసరా టికెట్లు ఒక్క పూటలో అయిపోతాయి. ఈ రాత్రి మెస్‌కి వెళ్లేటప్పుడు ఆ పిల్లని లేపి, దసరాకి ఎప్పుడు వెళ్తున్నావని అడుగు.